కొక్కెర తెగులు: ప్రయోగశాలలో గుర్తించు విధము

కోళ్లు నోరు తెఱచి రొప్పుట, గురక పెట్టుట, పచ్చగా విరేచనమగుట, మెడ వంకరపోవుట చూచినంతనే రైతులు కొక్కెర తెగులని నిశ్చయింతురు. దీనికే రాణీఖేత్ వ్యాధియని పేరు. 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లాండునందలి న్యూకాసిల్‌లోను బయలుపడిన యీ వ్యాధి, 1927లో కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనబడినందున మన దేశమున ఆ పేరు నిలిచినది.

అయితే బర్డ్ ఫ్లూ సోకినను కోళ్లు ఇట్లే రొప్పి, మూకుమ్మడిగా చచ్చును. 2006లో మహారాష్ట్రమునందలి నవాపూరులో మన దేశమున మొదట బయటపడిన బర్డ్ ఫ్లూ మనుష్యులకును సోకగలదు. కావున కంటిచూపుతో చేయు నిర్ణయము చాలదు.

వైరసు సజీవ కణములందే వృద్ధి పొందును. కావున కోడి గొంతునుండియు, మలద్వారమునుండియు దూదిపుల్లతో తీసిన పదార్థమును శుద్ధిచేసి, 9 మొదలు 11 దినములు పొదిగిన గ్రుడ్డులోనికి ఎక్కింతురు. కొన్ని దినములకు ఆ గ్రుడ్డులోని ద్రవమును కోడి నెత్తుటి ఎఱ్ఱకణములతో కలుపుదురు. వైరసు లేనిచో కణములు అడుగున బొట్టువలె దిగును. ఉన్నచో ఒకదానికొకటి అంటుకొని పొరవలె పరచుకొనును. రాణీఖేత్, ఫ్లూ వైరసులు రెండును ఇట్లే చేయును. అందుచే రాణీఖేత్ వైరసును మాత్రమే అణచు సీరమును ముందుగా చేర్చి చూతురు. అంటుకొనుట ఆగినచో అది కొక్కెర తెగులే. వైరసు జన్యుపదార్థమును పెక్కురెట్లు పెంచి గుర్తించు పీసీఆర్ పరీక్షచే కొన్ని గంటలలోనే ఫలితము తెలియును.

రక్తపరీక్షలో ఒక చిక్కు కలదు. టీకా వేసిన కోడి రక్తమునందును ప్రతిరక్షకములుండును. కావున రెండు మూడు వారముల యెడముతో రెండుమార్లు రక్తము తీసి, అవి పెరిగినవో లేదో పోల్చవలెను. టీకా వేసిన తారీఖును రైతు దాచక తెలుపవలెను.

చచ్చిన కోళ్లను కోయరాదు. మిగిలినవానిని సంతకు పంపరాదు. వెంటనే పశువుల దవాఖానాకు తెలుపవలెను. నమూనాలను పశువైద్యుడే తీసి మంచుగడ్డలలో నుంచి పంపవలెను. ఆలస్యమైనచో అవి చెడును. బర్డ్ ఫ్లూ అనుమానమున్నచో వానిని భోపాలునందలి అధిక భద్రతా ప్రయోగశాలకు పంపుదురు.

కొక్కెర తెగులు సోకిన పిమ్మట దానిని నయముచేయు మందు లేదు. ముందుగా వేయించిన టీకాయే రక్ష. ఇట్టి టీకామందుల తయారీకై హైదరాబాదులో ఖైరతాబాద్ చేరువనున్న శాంతినగర్‌నందు పశువైద్య జైవిక పరిశోధనా సంస్థ నెలకొల్పబడినది. తెగులు వచ్చినపిదప టీకాకై పరుగెత్తుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే యగును.