మీ తరఫున మాట్లాడే మనిషికి మీ మనసు తెలుసా?

“లివింగ్ విల్ రాసుకుందామనుకుంటున్నాను. నాకు స్పృహ లేనప్పుడు డాక్టర్లతో మాట్లాడే మనిషిగా మా ఆవిడ పేరు రాయాలా, డాలస్‌లో ఉన్న మా అబ్బాయి పేరు రాయాలా?” ఒక విశ్రాంత ఉద్యోగి అడిగిన ప్రశ్న ఇది. లాయరును అడగాల్సినదిలా కనిపిస్తుంది గానీ, దీని అడుగున మనస్తత్వశాస్త్రం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చిక్కుముడి ఒకటుంది.

ముందు చట్టం సంగతి గబగబా చెప్పేస్తాను. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందస్తు వైద్య నిర్దేశానికి, అంటే లివింగ్ విల్‌కు, గుర్తింపునిచ్చింది. కోలుకునే ఆశ లేని దశలో వెంటిలేటర్ లాంటివి పెట్టవద్దనో, పెట్టినవి తీసేయమనో మేజరైన, మతిస్థిమితం ఉన్న ఎవరైనా ముందే రాసిపెట్టుకోవచ్చు. మొదట మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలన్నారు. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. మన తరఫున మాట్లాడేవారిగా ఒకరికి మించి పేర్లు కూడా రాయవచ్చు. అమలు చేసేముందు ముగ్గురేసి డాక్టర్లున్న రెండు బోర్డులు ఒప్పుకోవాలి. మీరు పేరు రాసిన మనిషి కూడా ఒప్పుకోవాలి.

ఆ మనిషి మన మనసులో మాటే చెబుతాడన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది. ఆ నమ్మకాన్ని పరిశోధకులు కొలిచి చూశారు. ఒక ఊహా సన్నివేశం చెబుతారు: పక్షవాతం వచ్చి కోమాలో ఉన్నారు, న్యుమోనియా సోకింది, యాంటీబయాటిక్స్ ఇవ్వాలా, గుండె ఆగితే సీపీఆర్ చెయ్యాలా? రోగి తన జవాబు తాను ఇస్తారు. రోగి ఏమంటారో, ఆయన తరఫున మాట్లాడే ప్రతినిధి విడిగా ఊహించి చెప్పాలి. ఇలాంటి 16 అధ్యయనాలను, మొత్తం 19,526 జతల జవాబులను షాలోవిట్జ్, వెండ్లర్ బృందం 2006లో కలిపి లెక్కగట్టింది. సరిపోయినవి 68 శాతం. అంటే ప్రతి మూడు నిర్ణయాల్లో దాదాపు ఒకటి తప్పు! రోగి ఏరికోరి ఎంచుకున్న ప్రతినిధి అయినా ఈ లెక్క మెరుగుపడలేదు. నలభై ఏళ్లు కాపురం చేసిన భార్యకు భర్త కాఫీలో చక్కెర ఎంతో తెలుసు. వెంటిలేటర్ గురించి ఆయన ఏమనుకుంటున్నాడో తెలియదు.

ఎందుకు తప్పుతోంది? ఏంజెలా ఫాగర్లిన్, పీటర్ డిట్టో బృందం 2001లో ప్రతినిధులను అదనంగా ఇంకొకటి అడిగింది: ఇదే పరిస్థితి మీకే వస్తే? అక్కడ దొంగ దొరికాడు. రోగి కోరుకుంటాడని వాళ్లు చెప్పిన జవాబులు రోగి అసలు కోరికల కంటే వాళ్ల సొంత కోరికలకే దగ్గరగా ఉన్నాయి. ‘ఆయన ఏమంటారు’ అన్న ప్రశ్న చెవిలో పడగానే మనసు దాన్ని ‘నేనైతే ఏమంటాను’గా మార్చేసుకుంటోంది. ఆ మార్పిడి జరిగినట్టు మనిషికి తెలియనే తెలియదు.

ఈ గుణాన్ని లీ రాస్ బృందం 1977లోనే సరదాగా పట్టుకుంది. ‘జోస్ దగ్గర తినండి’ అని రాసిన పెద్ద అట్ట తగిలించుకుని అరగంట క్యాంపస్‌లో తిరుగుతారా అని స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను అడిగారు. ఒప్పుకున్నవాళ్లు 62 శాతం మంది ఒప్పుకుంటారని అంచనా వేశారు. ఒప్పుకోనివాళ్లేమో 67 శాతం మంది ఒప్పుకోరని అన్నారు. ఎవరికి వాళ్లే లోకమంతా తమ వైపే ఉందనుకున్నారు. రాస్ దీన్ని భ్రమగా లెక్కగట్టాడు. 1989లో రాబిన్ డాస్ అడ్డు తగిలాడు: ఎదుటివాడి గురించి వేరే సమాచారమేదీ లేనప్పుడు మన జవాబు కూడా ఒక నమూనాయే, దాన్ని వాడుకోవడంలో తెలివితక్కువతనం ఏముంది? నా ఓటు డాస్‌కే. చిక్కల్లా, చేతిలో ఉన్నది ఆ ఒక్క నమూనాయే అన్న సంగతి ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు గుర్తుండకపోవడం.

అయితే ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది కదా అంటారు. నేనూ అలాగే అనేవాణ్ని, డిట్టో 2001లోనే ప్రచురించిన మరో ప్రయోగం చదివేదాకా. 65 ఏళ్లు దాటిన 401 మంది, వాళ్ల ప్రతినిధులు. కొందరు పత్రం రాశారు, కొందరు రాసి ప్రతినిధితో చర్చించారు. ఊహలు మెరుగుపడలేదు! చర్చించినవాళ్లలో కొందరికి మాత్రం ‘నాకు బాగా అర్థమైంది’ అన్న ధీమా పెరిగింది. ఇంతకంటే ప్రమాదకరమైన ఫలితం నాకు తట్టడం లేదు.

పోనీ, మన సంగతి మనకైనా తెలుసా? కళ్లు తప్ప ఒళ్లంతా కదలని లాక్డ్-ఇన్ సిండ్రోమ్ బాధితులను బెల్జియంకు చెందిన స్టీవెన్ లారీస్ బృందం పలకరించింది. లెక్కలోకి తీసుకున్న 65 మందిలో 47 మంది సంతోషంగా ఉన్నామన్నారు. ‘అలా బతకడం కంటే చావే నయం’ అని ఆరోగ్యంగా తిరిగేవాళ్లు అలవోకగా అనే మాటను దీని పక్కన పెట్టి చూడండి. అందుకే ప్రతి వైద్యానికీ అవును, కాదు అని టిక్కులు పెట్టే ఫారాలంటే నాకు చిరాకు.

ఊరటనిచ్చేది మెల్‌బోర్న్ ప్రయోగం. 80 ఏళ్లు దాటిన 309 మంది ఆసుపత్రి రోగుల్లో సగం మందితో శిక్షణ పొందినవాళ్లు, కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. 2010లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలల్లో చనిపోయినవాళ్లలో, మాట్లాడిన గుంపులో 86 శాతం మంది కోరికలు తెలిశాయి, నెరవేరాయి. రెండో గుంపులో అది 30 శాతమే.

ఇక ఆ పెద్దమనిషికి జవాబు. ప్రేమను బట్టి ఎంచుకోకండి, అది ఇద్దరికీ ఉంటుంది. తనకు నచ్చని జవాబును విని, మీదిగా చెప్పగలిగేవారు ఎవరో చూడండి. గంటల్లో ఆసుపత్రికి చేరగలిగేవారై ఉండాలి. డాలస్ అబ్బాయిని రెండో పేరుగా పెట్టుకోండి. మీరు రాసిన పత్రం నకలు స్థానిక సంస్థ నియమించే అధికారికి అందాలంటుంది తీర్పు. మీ ఊళ్లో ఆ అధికారి ఎవరో కనుక్కునే పని కూడా అబ్బాయికి ఫోన్ మీదే అప్పజెప్పండి, ఎంత తిరగాలో తెలిసొస్తుంది. నోటరీ దగ్గరికి వెళ్లేముందు మాత్రం మీరూ మీ ఆవిడా చెరో కాగితం మీద ఒకే ప్రశ్నలకు మీ జవాబులు రాయండి. ఆవిడ ఆవిడ మాట కాదు, మీ మాట ఊహించి రాయాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కుదరని జవాబుల దగ్గరే కూర్చుని మాట్లాడుకోండి.