సెల్ఫ్ కొట్టిన తొలి నిమిషం

చలికాలం పొద్దున్నే గంగారం లాంటి ఊళ్లో కారు సెల్ఫ్ కొట్టారనుకోండి. ఆ తొలి నిమిషంలో సైలెన్సర్ నుంచి వచ్చే పొగే ప్రయాణం మొత్తంలోకీ చెడ్డది. పొగలోని విషాన్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీల వేడెక్కితే గాని పని మొదలుపెట్టదు. ఊళ్లోనే చిన్న పని చూసుకుని ఆగే బండిలో అది వేడెక్కక ముందే ఇంజిన్ ఆగిపోతుంది.

ఈ కన్వర్టర్‌కు ఆద్యుడు ఫ్రాన్స్‌లో పుట్టిన యూజీన్ హూడ్రీ. లాస్ ఏంజెలెస్ పొగ ఆయన్ని కదిలించింది. కానీ అప్పటి పెట్రోల్‌లోని సీసం కన్వర్టర్‌ను చంపేసేది. హూడ్రీ 1962లో కన్నుమూశారు. సీసం లేని పెట్రోల్‌తో 1975 మోడల్ అమెరికా కార్లలో అది నిలదొక్కుకుంది. మన నాలుగు మహానగరాల కొత్త పెట్రోల్ కార్లకు 1995లో తప్పనిసరైంది.

ఆ చల్లటి నిమిషం మాత్రం మిగిలిపోయింది. అందుకే 1990ల్లో లోహపు రేకుల చుట్టలోకి బ్యాటరీ కరెంటు పంపి కన్వర్టర్‌ను ముందే కాచే పద్ధతి వచ్చింది. జర్మనీ కారు ఆల్పినా బీ12లో దాన్ని అమర్చారు.

మరి ఆ హీటర్ పాడైతే? డ్రైవర్‌కు ఏ తేడా తెలియదు, బండి మామూలుగానే నడుస్తుంది. కాబట్టి కంప్యూటరే కనిపెట్టాలి. చుట్ట తెగితే కరెంటు పారదు, షార్టయితే అమాంతం పెరుగుతుంది. అయితే కరెంటు పారినంత మాత్రాన వేడెక్కినట్టు కాదు. కాలిఫోర్నియా నిబంధన సూటిగా అడుగుతుంది: ఇంజిన్ స్టార్టయ్యాక నిర్ణీత సమయంలో నిర్ణీత వేడికి చేరిందా? చేరకపోతే పీ0424 కోడ్ నమోదవుతుంది.

వేడెక్కినా పని చేస్తుందా అన్నది ఇంకో పరీక్ష. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ వడ్ల గుమ్మి లాంటిది. ఆక్సిజన్ మిగిలితే దాచుకుంటుంది, తక్కువైతే తీసిస్తుంది. అందుకే ముందున్న ఆక్సిజన్ సెన్సర్ రీడింగు ఊగుతున్నా వెనక సెన్సర్‌ది నిలకడగా ఉండాలి. వెనకదీ అలాగే ఊగితే గుమ్మికి దాచే శక్తి పోయినట్టే. హీటర్ ఉన్న కన్వర్టర్‌కైతే ఈ లోపానికి కోడ్ పీ0423.

హీటర్ ఉన్న కార్లు మన దగ్గర అరుదు. ఆక్సిజన్ సెన్సర్ల కాపలా మాత్రం బీఎస్-6 పెట్రోల్ కార్లలో ఉంది. మీటరు దగ్గర ఇంజిన్ బొమ్మ వెలిగితే ముందు స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి. కన్వర్టర్ పీకేసి ఉత్త గొట్టం వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోకండి.