రజ్జుసర్పము, చేతిలోని కర్ర

మునిమాపు చీకటిలో త్రాడును చూచి పామని భయపడిన మనుష్యుని దృష్టాంతం వినని భక్తులుండరు. ప్రవచనకర్తలు దీపం తెప్పించి, అది త్రాడేనని చూపించి, జగత్తు మిథ్య అని ఉపసంహరిస్తారు. అది వేదాంతమార్గం, నిర్దుష్టం. 40 ఏండ్లు తర్కశాస్త్రం పాఠం చెప్పిన నాకు మాత్రం దీపం రాకముందు జరిగిన వ్యవహారం మీదనే ఆసక్తి. పాము లేదు, కాని భయం ఉన్నది. చెమట పట్టినది నిజం, గుండె దడదడలాడినది నిజం, కర్ర ఎత్తినది నిజం. లేని పాము నుండి ఇంత పని ఎట్లు పుట్టినది?

నైయాయికుల సమాధానం సూటిగా ఉంటుంది. మనలను కదిలించేది వస్తువు కాదు, ఆ వస్తువును గూర్చి మనకు కలిగిన జ్ఞానం. మొదట జ్ఞానం, దానివలన ఇచ్ఛ గాని ద్వేషం గాని, దానివలన ప్రయత్నం, ఆ పిమ్మట శరీరచేష్ట. ఇదీ వారు చెప్పే వరుస. మేలు చేస్తుందని తోచినదానికి చేయి చాస్తాము. కీడు చేస్తుందని తోచినదానినుండి తొలగుతాము, లేదా దానిని కొట్టబోతాము. ఎండలో తళతళలాడే ముత్యపుచిప్పను వెండి అనుకొన్నవాడు వంగి ఏరుకొంటాడు. నిజమైన వెండినే చిప్ప అనుకొన్నవాడు దాటిపోతాడు.

మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అయథార్థానుభవాన్ని విభజిస్తూ సంశయాన్ని, విపర్యయాన్ని వేరువేరుగా లెక్కించాడు. దూరాన నిలువుగా కనిపించినదానిని చూచి "మ్రోడా, మనిషా?" అనుకొనుట సంశయం. చిప్పను వెండియే అని నిశ్చయించుట విపర్యయం. విద్యార్థులు దీనిని పరీక్ష కొరకు వల్లె వేసి మరచిపోతారు. కాని ఇందులో బ్రతుకునకు పనికివచ్చే విషయమున్నది. సంశయించువాని కాలు ఆగుతుంది. విపర్యయంలో ఉన్నవాని కాలు ఆగదు, ఏలయనగా తాను పొరబడినట్లు వానికి లోపల ఏ గుర్తూ ఉండదు. సరియైన నిశ్చయమూ, తప్పు నిశ్చయమూ మనస్సునకు ఒకే తీరుగా తోస్తాయి. (గీత నాలుగవ అధ్యాయంలో భగవానుడు నిందించిన సంశయం శ్రద్ధ లేనివానిది. దానిని ఇక్కడికి తేరాదు.)

14వ శతాబ్దిలో శృంగేరీ పీఠాన్ని అధిష్ఠించిన విద్యారణ్యస్వామి పంచదశిలోని నాలుగవ ప్రకరణమైన ద్వైతవివేకంలో ఈ విచారాన్ని సుఖదుఃఖాల దాకా తీసికొనిపోయారు. మణి ఒక్కటే. దొరికినవాడు సంతోషిస్తాడు, దొరకనివాడు కోపిస్తాడు, విరక్తుడు ఊరక చూస్తాడు. మణి ఈశ్వరసృష్టి, ఆ సంతోషకోపాలు జీవసృష్టి. ఆ ప్రకరణంలోనే ఒక తండ్రి ప్రస్తావన ఉన్నది. కుమారుడు దూరదేశంలో క్షేమంగా ఉండగా, అబద్ధాలకోరు ఒకడు వచ్చి మరణించాడని చెప్పినందున తండ్రి ఏడుస్తాడు. నిజంగా మరణించినా వార్త అందకపోతే ఏడ్వడు. బిడ్డలను విదేశాలకు పంపిన తలిదండ్రులు ఈ పత్రిక చదివేవారిలో ఎందరో ఉన్నారు. వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ అబద్ధాలకోరు ఒక్క తండ్రినే ఏడ్పించాడు. నేడు అతని మాట చేతిలోని ఫోను ద్వారా ఊళ్లకు ఊళ్లు తిరుగుతున్నది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు వచ్చాయని వాట్సాప్‌లో వదంతులు వ్యాపించాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ జనం అపరిచితుల మీద పడి కొట్టారు. బిచ్చమెత్తుకొనేవారు, మతిస్థిమితం లేనివారు, మన భాష రానివారు దెబ్బలు తిన్నారు, కొందరి ప్రాణాలు పోయాయి. కొట్టినవారందరూ దుర్మార్గులని నేననను. వారూ బిడ్డలు గలవారే, వారి భయమూ నిజమే, వారు చూచినది పామునే. అయితే వేదాంతులు ఎన్నుకొన్న దృష్టాంతంలో నేలమీద ఉన్నది త్రాడు, దానికి దెబ్బ తగలదు. ఇక్కడ ఉన్నది మనిషి.

దీనికి శాస్త్రం చెప్పిన ఉపాయం విశేషదర్శనం. నిలువుగా ఉండుట మ్రోడుకూ మనిషికీ సమానధర్మం కనుక దానిని ఎంతసేపు చూచినా నిర్ణయం కలుగదు. చేతులు, కాళ్లు కనిపిస్తే మనిషి, తొర్ర కనిపిస్తే మ్రోడు. క్షేత్రాలలో రద్దీనాడు ఏడ్చే బిడ్డను ఎత్తుకొని గబగబ నడచిపోయే అపరిచితుడు మీకు కనిపించవచ్చు. దొంగ అట్లే నడుస్తాడు. తప్పిపోయిన బిడ్డను మైకు దగ్గరకు చేర్చబోయే పుణ్యాత్ముడూ అట్లే నడుస్తాడు. బిడ్డకు ఆకలి వేసి బస దగ్గరకు పరుగెత్తే కన్నతండ్రీ అంతే. బిడ్డ ఏడ్పు, మాసిన బట్టలు, తెలియని భాష, ఇవన్నీ సమానధర్మాలే. ప్రక్కన నడుస్తూ "అయ్యా, ఏ ఊరు తమది? బిడ్డ పేరేమి?" అని అడగండి. బిడ్డ ఆ మెడను ఎట్లు పట్టుకొన్నదో చూడండి. అప్పటికీ తేలకపోతే ఇద్దరూ కలసి దగ్గరలోని పోలీసుల వద్దకు వెళ్లండి. అక్కడ విషయం తేలేవరకు అతనిని అయ్యా అనే పిలవండి.