తుర్రేబాజ్: నోట నిలిచి, ఇంటికి దూరమైన పేరు

గత రంజాన్ తర్వాత ఒక సాయంత్రం మన సంఘం కార్యాలయానికి ఒక పెద్దాయన వచ్చారు. లాడ్ బజార్‌లో లక్క గాజుల పనిలో నలభై ఏళ్లు గడిపిన మనిషి. కోడలి కాన్పు ఖర్చుకు మీరిచ్చిన విరాళాల నుంచి అందిన సాయానికి శుక్రియా చెప్పి, సంచిలోంచి మిఠాయి డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. మనవడు పుట్టి నాలుగు రోజులు. వెళ్లడానికి లేచినవారు మళ్లీ కూర్చున్నారు.

"సాబ్, ఒక్క మాట. పిల్లోడికి తుర్రేబాజ్ అని పేరు పెట్టాలని నా కోరిక. ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు. అకీకాకు ఇంకా మూడు రోజులే ఉంది. ఆ పేరు పెట్టొచ్చా, పెట్టకూడదా? మీరు చదువుకున్నవాళ్లు, చెప్పండి."

ఇంట్లోవాళ్ల అభ్యంతరాలు రెండు. అసలు ఆ మాటకు అర్థం ఉందా, అది మన పేరేనా అని కొడుకు సందేహం. బడిలో పిల్లలంతా 'తురుంఖాన్, తురుంఖాన్' అని ఏడిపిస్తారని కోడలి భయం. ఆ సాయంత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, తెలిసిన పెద్దలను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పేరు వెదుక్కునే ఇళ్లు మన దాతల్లోనూ ఉంటాయి కదా.

అర్థం ఏమిటి?

ఈ పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటిది 'తుర్రా'. అరబీలో ఈ మాటకు నుదుటి మీద పడే ముంగురులని, అంచు అని అర్థాలు. ఫార్సీ, ఉర్దూల్లోకి వచ్చేసరికి అది తలపాగా మీద నిలబెట్టే కుచ్చు, ఈకల అలంకారం అయింది. రెండోది 'బాజ్'. ఇది ఫార్సీ ప్రత్యయం. ఆడేవాడు, అందులో ఆరితేరినవాడు అని చెప్పడానికి మాట చివర చేరుతుంది. పాతబస్తీలో దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. మిద్దెల మీద పావురాలు ఎగరేసేవాడు కబూతర్‌బాజ్, సంక్రాంతికి మాంజా చుట్టేవాడు పతంగ్‌బాజ్, ప్రాణానికి తెగించేవాడు జాన్‌బాజ్. అలాగే తుర్రేబాజ్ అంటే తలపాగాకు తురాయి పెట్టి తిరిగే దర్జా మనిషి.

'తురాయి' అన్నాను, గమనించారా? తెలుగువాళ్లు ఈ మాటను ఎప్పుడో సొంతం చేసుకున్నారు. కల్గీ, తుర్రా రెండూ తలపాగా అలంకారాలే. ఆ జంట మాటే మన నోట 'కలికితురాయి' అయింది. ఎవరైనా ఘనకార్యం సాధిస్తే వారి కీర్తికిరీటంలో మరో కలికితురాయి అని పత్రికలు ఇవాళ్టికీ రాస్తాయి. వేసవిలో ఎర్రగా విరగబూసే చెట్టును తురాయి చెట్టు అన్నదీ ఆ పోలికతోనే. కాబట్టి ఈ పేరు తెలుగు చెవికి పరాయిది కాదు.

మరో దారి కూడా ఉంది. పఠాన్ల భాష పష్తోలో 'తూర' అంటే కత్తి. ఆ మాటతో చూస్తే ఈ పేరుకు కత్తిసాములో నేర్పరి అన్న అర్థం వస్తుంది. ఉర్దూలో 'తోయ్' అక్షరంతో, 'రే' మీద తష్దీద్‌తో రాస్తే తురాయి అర్థం. 'తే'కు 'వావ్' చేర్చి రాస్తే కత్తి అర్థం. షహ్‌బాజ్ అనే పేరులో 'బాజ్' అంటే డేగ. ఆ అర్థాన్ని ఇక్కడికి తెచ్చి కలపకూడదు. ఏ దారిన వెళ్లినా ఇందులో చెడు అర్థం లేదు.

ఆ పేరు మోసిన మనిషి

హైదరాబాద్‌లో ఈ పేరు వినగానే గుర్తొచ్చేది ఒక్కరే: బేగంబజార్‌కు చెందిన రోహిల్లా పఠాన్ తుర్రేబాజ్ ఖాన్. 1857లో ఉత్తరాన తిరుగుబాటు రగిలిన రోజులవి. ఇక్కడ అఫ్జలుద్దౌలా నిజాం గద్దెనెక్కి కొద్ది నెలలే అయింది. దివాన్ మొదటి సాలార్‌జంగ్ కంపెనీ పక్షాన నిలిచారు. తిరుగుబాటు చేసి నగరానికి వచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను, అతని అనుచరులను పట్టుకుని కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించారు. నగరం అట్టుడికింది.

1857 జులై 17 శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు తర్వాత జనం కదిలారు. మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ ముందు నడవగా సుమారు 500 మంది రెసిడెన్సీ మీదికి వెళ్లారు. దాని ఎదుట ఉన్న రెండు ఇళ్లను పట్టుకుని అక్కడి నుంచి కాల్పులు జరిపారు. అయితే రెసిడెంట్ డేవిడ్సన్ ముందే సిద్ధంగా ఉన్నాడు. ఫిరంగుల ముందు నాటు తుపాకులు, కత్తులు ఎంతసేపు నిలుస్తాయి? తెల్లవారేసరికి పోరు ముగిసింది.

తర్వాత తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. ఓడ ఎక్కించకముందే, 1859 జనవరిలో, జైలు నుంచి తప్పించుకున్నాడు. పట్టిచ్చినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. కొద్ది రోజులకే నేటి మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర అతణ్ని చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి, అందరూ చూసేలా బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

ఆ రెసిడెన్సీ భవనమే తర్వాత కోఠి మహిళా కళాశాల అయింది, ఇప్పుడు విశ్వవిద్యాలయం. ఏ గుమ్మం మీదికి వాళ్లు కత్తులు దూశారో ఆ గుమ్మంలోంచి ఇవాళ మన ఆడపిల్లలు పుస్తకాలతో నడుస్తున్నారు. ఆ దగ్గర్లోనే ఒక రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరుంది.

పేరు ఎందుకు అరుదైంది?

మన ప్రాంతంలో పేర్లు ఎలా వ్యాపిస్తాయో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఖాజా, గౌస్, మహబూబ్ వంటి పేర్లు ఔలియాల మీది అభిమానంతో ఇంటింటికీ చేరాయి. ఆ అభిమానం మతం గీత కూడా దాటింది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు సైదులు అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు నల్గొండ వైపు ఎన్నో. పాలకుల పేర్లు మరికొన్ని ఇళ్లకు చేరాయి: ఉస్మాన్, అఫ్జల్, సికందర్. కాలం మారితే కొన్ని పేర్లు మరుగున పడతాయి. 1591లో ఈ నగరాన్ని కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా పేరులోని 'కులీ' తుర్కీ మాట, సేవకుడని అర్థం. ఆ పేరు పెట్టుకున్న పిల్లవాడు ఇప్పుడు మీకు కనబడ్డాడా?

తుర్రేబాజ్ పేరుకు దర్గా లేదు, దర్బారు లేదు. పైగా భయం ఉంది. ఒక మనిషి శవాన్ని నడిబజారులో వేలాడదీసిన ఊళ్లో, ఆ పేరును కన్నకొడుక్కు పెట్టి నలుగురిలో పిలిచే ధైర్యం ఎందరికి ఉంటుంది? ఈ తరం ఇళ్లలో అయాన్, రయ్యాన్, జైద్ లాంటి చిన్న చిన్న పేర్ల మీద మోజు. మన ఉపకారవేతనాల దరఖాస్తుల్లో నేను చూసేవీ ఎక్కువగా అవే. తుర్రేబాజ్ ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

తురుంఖాన్ ఎవరు?

పిల్లలకు పెట్టని పేరు జనం నోట మాత్రం నిలిచింది. "నువ్వేమన్న పెద్ద తురుంఖాన్‌వా?" అనని తెలంగాణ ఊరు లేదు. 2023లో ఒక తెలుగు సినిమాకు కూడా ఆ మాటే పేరైంది. ఈ తురుంఖాన్ మరెవరో కాదు, తుర్రేబాజ్ ఖానే అని నగరంలో పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ మాటను వెక్కిరింతగా వాడతాం, నిజమే. కానీ వెక్కిరింతలో ఉన్నదేమిటో చూడండి. ఎవరికీ జంకనివాడు, తనకంటే పెద్దవాడిని ఢీకొనేవాడు ఎలా ఉంటాడో కొలవడానికి జనం ఒక మనిషిని గుర్తు పెట్టుకున్నారు. నువ్వు అంతటివాడివా అన్నదే ఆ ప్రశ్న. అంటే అతను అంతటివాడనే కదా!

పెట్టవచ్చా?

పేరు అరబీలోనే ఉండాలన్న నియమం లేదు. జంషేద్, షహ్‌బాజ్, నవాజ్ ఫార్సీ పేర్లే. చూడవలసింది అర్థం. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని దైవప్రవక్త (స) తెలిపారు. అవిధేయురాలు అనే అర్థమున్న ఆసియా అన్న పేరును మార్చి జమీలా అని పెట్టారు. చెడు అర్థం, షిర్క్ భావం లేని పేరుకు అభ్యంతరం లేదు. దర్జాను సూచించే పేరు కాబట్టి ముందు ముహమ్మద్ లేదా అబ్దుల్లాహ్ చేర్చితే వినయమూ తోడవుతుంది.

ఇక కాగితాల సంగతి. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు ఖాయం కాకపోయినా నమోదు ఆపనక్కర్లేదు. పేరును 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేర్పించవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధృవపత్రమే ఆధారం. తుర్రేబాజ్ లాంటి పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాయవచ్చు: మొదట 'యు'నా 'ఓ'నా, 'ఆర్' ఒకటా రెండా, చివర 'జడ్'ఆ 'జె'ఆ? మొదటి కాగితంలో ఎలా రాస్తే ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, పదో తరగతి మెమోలో అలాగే రాయించాలి. ఒక్క అక్షరం తేడాతో ఉపకారవేతనం ఖాతాలో పడక తిరిగొచ్చిన పిల్లలను ప్రతి ఏటా చూస్తున్నాను.

ఆరో రోజు పెద్దాయన ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. కోడలు తలుపు చాటునుంచి విన్నది. తూప్రాన్ సంగతి దగ్గర పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. చివరికి ఆ తల్లి ఒకే మాట అడిగింది: "బడిలో ఎవరైనా వెక్కిరిస్తే ఈ కథంతా వాడికి చెప్పేవాళ్లు ఉంటారా?" తాత ఉన్నంతకాలం తాత చెబుతారు, ఆ తర్వాత నువ్వే చెప్పాలమ్మా అన్నాను.

మర్నాడు అకీకా జరిగింది. ముహమ్మద్ తుర్రేబాజ్ అని పిలిచారు. నమోదు ఫారం మన కార్యాలయంలోనే, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ నింపాం. ఇన్‌షా అల్లాహ్, పదిహేనేళ్ల తర్వాత ఆ పేరుతో మన సంఘానికి ఒక దరఖాస్తు వస్తుంది. అప్పటి కార్యదర్శి దాన్ని అచ్చుతప్పు అనుకోకూడదనే ఈ నాలుగు మాటలు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.