వరదవేళ బ్యాటరీ రేడియో

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరు 19న నాటి కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువనున్న పల్లెలు జలమయమయ్యాయి. కరవుకు మారుపేరైన సీమలో నీరే శత్రువైన రోజులవి. ఇటువంటి వేళ మొదట ఆగిపోయేది విద్యుత్తు. ఆ వెనుకనే టెలిఫోను మూగవోతుంది. సెల్‌ఫోను స్తంభాలకూ విద్యుత్తే ప్రాణం కదా!

అప్పుడు అక్కరకు వచ్చే సాధనాలలో హామ్ రేడియో ఒకటి. లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ లైసెన్సు పొంది ఔత్సాహికులు నడిపే వైర్‌లెస్ కేంద్రమిది. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్యలో పలువురికి శిక్షణ ఇచ్చింది. 2004 డిసెంబరులో సునామీ విరుచుకుపడినప్పుడు ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోనే ఉండి, దీవుల క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది.

అయితే రేడియోకూ విద్యుత్తు కావాలి. ఇళ్లలో వాడే 100 వాట్ల సెట్టు పూర్తిశక్తితో ప్రసారం చేసేటప్పుడు దాదాపు 20 ఆంపియర్లు తీసుకుంటుంది. చేతిసంచిలో ఇమిడే 5 వాట్ల సెట్టుకు 2 ఆంపియర్ల లోపే చాలు. శక్తి ఇరవయ్యో వంతుకు తగ్గినంత మాత్రాన మాట చేరే దూరం కూడా ఇరవయ్యో వంతుకు కుంచించుకుపోదు. 7 మెగాహెర్ట్‌జ్ తరంగాలు పైనున్న ఐనోవరణాన్ని తాకి తిరిగి నేలకు దిగుతాయి. 20 మీటర్ల తీగను చెట్ల నడుమ కట్టుకుంటే, పగటివేళ కొండలు అడ్డున్నా కర్నూలు మాట కడపలో వినబడగలదు.

ఇక బ్యాటరీ లెక్క. కంప్యూటరు యు.పి.ఎస్.లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని తీసుకుందాం. సగానికి మించి వాడితే దాని ఆయువు త్వరగా తరిగిపోతుంది. కనుక మనకు దక్కేది 3.5 ఆంపియర్-గంటలు. వినేటప్పుడు 0.3, పలికేటప్పుడు 1.8 ఆంపియర్లు ఖర్చవుతాయనుకుందాం. గంటలో 50 నిమిషాలు విని, 10 నిమిషాలు పలికితే వ్యయం 0.25, 0.30 కలిసి 0.55 ఆంపియర్-గంటలు. అంటే కేంద్రం ఆరు గంటలకు పైగా నిలుస్తుంది. వినడానికైన ఖర్చు పలకడానికైన ఖర్చుకు ఇంచుమించు సమానమని గమనించాలి. సెట్టు కొనేవారు వాట్లనే చూసి, వినేటప్పటి కరెంటును విస్మరించడం తరచుగా జరిగే పొరపాటు.

సీమ ఎండ బ్యాటరీకి పగ, సౌరఫలకానికి పంట. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుర్దాయం సుమారు సగమవుతుంది. 40 డిగ్రీలు దాటే వేసవిలో దానిని రేకుల కప్పు కింద ఉంచరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదైనదే గాని తేలికైనది. దానిలోని శక్తిని చాలావరకు వాడుకోవచ్చు. మంచి ఎండలో 20 వాట్ల ఫలకం గంటకు ఒక ఆంపియర్-గంట వరకు తిరిగి నింపుతుంది. కాని వరద వచ్చే రోజున ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. అందుచేత వానకాలానికి ముందే బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, ఆపై నెలకొకసారి వోల్టేజి చూస్తూ ఉండాలి.