యుద్ధఖైదీల తపాలా

1950 నుండి మన తపాలా కార్యాలయాలలో లభిస్తున్న ఇన్లాండు లెటరు పాఠకులకు పరిచితమే. వ్రాసే కాగితమూ అదే, మడిచి అంటిస్తే కవరూ అదే. అంతకుముందే, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, శత్రువుల చేతికి చిక్కిన సైనికుల కొరకు ఇట్టి మడత పత్రాలు ముద్రింపబడ్డాయి.

వీటికి ఆధారం 1929 నాటి జెనీవా ఒడంబడిక. శిబిరం చేరిన వారంలోగా, తాను పట్టుబడిన సంగతినీ ఆరోగ్యస్థితినీ ఇంటికి తెలుపుతూ ప్రతి ఖైదీ ఒక కార్డు వ్రాసుకొనే అవకాశం ఉండాలని 36వ అధికరణం నిర్దేశించింది. ఆ ఉత్తరాలకు తపాలా రుసుము లేదని 38వ అధికరణం పేర్కొన్నది. అందువల్లనే వీటిపై సాధారణంగా తపాలాబిళ్ళ కానరాదు.

ఉత్తర ఆఫ్రికా రణరంగంలో పట్టుబడిన భారతీయ సైనికులు ఇటలీ, జర్మనీ శిబిరాలలో ఉంచబడ్డారు. జర్మను పత్రంపై 'క్రీగ్స్‌గెఫాంగెనెన్‌పోస్ట్', అనగా 'యుద్ధఖైదీల తపాలా' అని అచ్చువేసి ఉంటుంది. ఖైదీ పేరు, సంఖ్య, శిబిరం గుర్తు దానిపై వ్రాయాలి. లోపల గీసిన గీతలకే ఉత్తరం పరిమితం. 'పరీక్షింపబడినది' అను అర్థంగల ముద్ర శిబిరంలోనే పడేది.

జపాను ఆ ఒడంబడికపై సంతకం చేసినా దానిని ధ్రువీకరించలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయిన పిమ్మట అక్కడి ఖైదీలకు లభించినవి చాలవరకు వాక్యాలు ముందే ముద్రించిన కార్డులు. ఆరోగ్యం బాగున్నదో లేదో కూడా అచ్చుమాటలలో ఎన్నుకొనవలసిందే. ఖైదీల పేర వచ్చే ఉత్తరాలకు తరువాత 25 మాటల హద్దు విధించారు. అయినా కార్డు అందిన ఇంటికి ఒక్క సంగతి తెలిసేది: వ్రాసేనాటికి మనిషి బ్రతికి ఉన్నాడని.

ఆ పాటి భాగ్యమైనా మన ప్రాంతీయులు కొందరికి దక్కలేదు. మలయా తోటలకు వలస వెళ్ళిన తెలుగువారిలో చాలామంది నాటి విశాఖపట్నం జిల్లావారు. విజయనగరం అప్పుడు ఆ జిల్లాలోనిదే. 1942-43లో థాయిలాండు, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి జపాను సైన్యం మలయా తోటల తమిళ, తెలుగు కూలీలను తరలించింది. అదే మార్గంలో శ్రమించిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి ఖైదీలకు అచ్చుకార్డులైనా ఉండేవి. కూలీలు సైనికులు కారు. కనుక చట్టం దృష్టిలో యుద్ధఖైదీలూ కారు. ఆ ఒడంబడిక ఇచ్చిన ఉత్తరపు హక్కు వారికి వర్తించలేదు. వారిలో అనేక వేలమంది ఆ అడవులలోనే అసువులు బాసారు.

ఈ లోపాన్ని 1949 నాటి జెనీవా ఒడంబడికలు కొంతవరకు సరిదిద్దాయి. మూడవ ఒడంబడిక ప్రకారం ఎంత పరిమితి విధించినా యుద్ధఖైదీకి నెలకు 2 ఉత్తరాలు, 4 కార్డులకు తగ్గరాదు. నాలుగవ ఒడంబడిక 25వ అధికరణం ఆక్రమిత ప్రాంతాల పౌరులకు సైతం స్వంత కుటుంబానికి క్షేమసమాచారం తెలుపుకొనే హక్కునిచ్చింది.

మలయాకో, బర్మాకో వెళ్ళినవారి పాత ఉత్తరాలు మన ఇండ్లలోని పెట్టెలలో ఎక్కడైనా ఉంటే వాటిని పారవేయక భద్రపరచడం విద్యార్థులమైన మన కర్తవ్యం. తపాలా ముద్ర లేని ఆ మరణాలకు సాక్ష్యం, వారు అంతకుముందు వ్రాసిన ఆ చివరి ఉత్తరాలే కావచ్చు.