వేళ్ళు ఆడించుకునే పిల్లవాడు

జనవరి వచ్చిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలు ముమ్మరం. ఆడవాళ్ళంతా చేలల్లోనే ఉంటారు. చిన్నపిల్లల్ని గట్టు మీదో, కల్లం దగ్గరో కూర్చోబెడతారు.

అలాంటి ఒక కల్లం దగ్గర అయిదేళ్ళ పిల్లవాడు ఉన్నాడనుకోండి. తోటిపిల్లలు పరుగులు పెడుతుంటారు. వీడు మాత్రం గుప్పెడు పొడిమట్టి తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తాడు. జారే మట్టినే చూస్తాడు. మళ్ళీ తీస్తాడు, మళ్ళీ పోస్తాడు. వెలుగుకి ఎదురుగా చెయ్యి పెట్టి వేళ్ళు టపటపా ఆడిస్తాడు. ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంటాడు. సీసా మూతలు వరసగా పేర్చి, తల నేలకు ఆనించి ఓరకంటితో చూస్తాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. మాటలింకా రాలేదు.

ఊరు ఊరుకుంటుందా? "గాలి సోకిందే అమ్మాయ్, తాయెత్తు కట్టించు" అంటుంది ఒక అత్త. "తల్లి పట్టించుకోకపోతే ఇట్టాగే తయారవుతారు" అంటుంది ఇంకొకామె. ఈ రెండో మాట తాయెత్తు కన్నా చెడ్డది.

ఇది గాలీ కాదు, తల్లి తప్పూ కాదు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఉన్నది ఆటిజం. అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండుమంది పిల్లల గురించి రాశాడు. గుండ్రంగా తిరిగే వస్తువులు చూసి మురిసిపోయే పిల్లలు వాళ్ళలో ఉన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడి డాక్టర్లు కూడా తల్లులనే తప్పుపట్టారు. అది పొరపాటని తరువాత తేలింది. పెద్ద చదువులు చదివినవాళ్ళూ పొరబడ్డారన్నమాట!

మరి పిల్లవాడు అలా ఎందుకు చేస్తాడు? టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికా ఆమెకు ఆటిజం ఉంది. ఆమె పశువుల శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. చిన్నప్పుడు ఆమె కూడా ఇసుక వేళ్ళలోంచి జారవిడుస్తూ గంటలు గడిపేది. అలా చూస్తుంటే చుట్టూ ఉన్న గోల వినపడకుండా పోయి మనసు కుదుటపడేదని పెద్దయ్యాక రాసింది. ట్రాక్టరు మోత, జనం అరుపులు మనకి మామూలే. ఆ పిల్లవాడికి అవి చెవిలో పోటు కావచ్చు. అప్పుడు కంటికి ఒకే రకంగా కనబడేది ఏదైనా ఊరటనిస్తుంది. ఒక్కోసారి సంతోషం పట్టలేక కూడా చేస్తాడు.

అందుకని చేతులు కట్టెయ్యకూడదు. కొట్టకూడదు. ఉన్న ఒక్క ఊరటా లాక్కుంటే వాడు ఇంకా బెదిరిపోతాడు.

అయితే కల్లంలో ఒక ప్రమాదం ఉంది. ఎండుమిరపకాయల్లో పెట్టిన చెయ్యే కంటి ముందు ఆడిస్తాడు, కంటికి తగులుతుంది. మంట అని చెప్పలేడు. గుక్కపట్టి ఏడుస్తాడు. మనం మొండితనం అనుకుంటాం! చేతులు సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. సూర్యుడి వంక తేరిపార చూస్తున్నా, కళ్ళు వేళ్ళతో నొక్కుకుంటున్నా ఆపాలి. ఆపి ఊరుకోకుండా బొంగరమో, గాలికి తిరిగే కాగితపు చక్రమో చేతికివ్వాలి.

చూపు సరిగా లేని పిల్లలు కూడా వెలుగుని అలాగే చూస్తారు. చెవుడు ఉన్నా పిలిస్తే పలకరు. కనుక ముందు కన్ను, చెవి పరీక్ష చేయించాలి. చూస్తూ చూస్తూ కొన్ని క్షణాలు బిగుసుకుపోయి, ముట్టుకున్నా కదలకపోతే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. డాక్టరుకి ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఉందని డబ్బు గుంజేవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త. నేర్పితే మాత్రం పిల్లలు నేర్చుకుంటారు. మూతలు పేర్చే పిల్లవాడికి ఆ మూతలతోనే ఒకటి, రెండు, మూడు చెప్పొచ్చు. ఇందుకోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి పనిచేస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సదరం శిబిరంలో డాక్టర్లు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడికి వెళ్ళినప్పుడు పిల్లవాడు కొత్త జనాన్ని చూసి బెదిరి ఏడవచ్చు. వాడి సీసా మూతలు నాలుగు కొంగున కట్టుకుని వెళ్ళండి.